తీతువు కొన్న ఎనభై రెట్ల కెమెరా

రొయ్యల చెరువు గట్టు మీద తీతువు కాపురం. దానికి గూడూ గీడూ ఏమీ ఉండవు, గులకరాళ్ల మధ్యే గుడ్లు పెట్టి పొదుగుతుంది. ఈసారి నాలుగు పెట్టింది. మేతకని అవతలి గట్టుకు వెళ్లినప్పుడల్లా ఒకటి మాయమవుతోంది. రెండు పోయాయి. మట్టి రంగు జంతువేదో గుడ్డు కరుచుకుని తుప్పల్లో దూరడం దూరం నుంచి చూసింది గానీ, ఎగిరొచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు.

ముంగిసేనని దానికి గట్టి అనుమానం. గట్టుకు పెద్ద తాబేలు తాత. ఆయన దగ్గరికెళ్లి మొరపెట్టుకుంటే, ఉత్త అనుమానం మీద ఎవర్నీ వెళ్లగొట్టలేనన్నాడు. మొహం కనబడే ఫోటో తెస్తే ముంగిసను గట్టు దాటిస్తానన్నాడు.

తీతువుకు ఒళ్లు మండింది. అయినా ఏం చేస్తుంది, నక్క కెమెరాల కొట్టుకు వెళ్లింది. అవతలి గట్టు నుంచి దొంగ మొహం కనబడాలని, మిగిలిన రెండు గుడ్ల ప్రాణం దీని మీదే ఉందని విడమరిచి చెప్పింది. నక్క ఒక డబ్బా తీసి, మీద రాసిన 'జూమ్ ఎనభై రెట్లు' చూపించింది. గోడ మీది క్యాలెండర్‌కేసి తిప్పితే బుల్లి తెర మీద అంకెలు పెద్దగానే కనబడ్డాయి. పక్కన ఇంకో కెమెరా ఉంది, దాని మీద పది రెట్లనే రాసుంది. అదెలా ఉంటుందని తీతువు అడిగింది.

"పదెక్కడ, ఎనభై ఎక్కడ చెల్లెమ్మా! ఆమాత్రం లెక్క నేను చెప్పాలా?" అంది నక్క.

నిజమే కదా అనుకుంది పిచ్చిది. బుట్టెడు ఎండు రొయ్యలు పోసి కొనుక్కుంది.

మర్నాడు పొద్దున్నే అవతలి గట్టున కాచుకుంది. దొంగ రానే వచ్చింది. జూమ్ చివరిదాకా లాగి నొక్కింది తీతువు. తీరా తాబేలు తాత ఇంట్లో పెద్ద తెర మీద వేసి చూస్తే ఏముంది, మట్టి రంగు గళ్లు. మొహం లేదు, తోక లేదు. ఇది ఇటుకైనా కావచ్చమ్మా అన్నాడు తాత. ముంగిస పక్కనే నిలబడి మీసాలు దువ్వుకుంది. మూడో గుడ్డు కూడా పోయింది.

అక్కడే ఉన్న కొంగ కెమెరా తిప్పి చూసి అసలు సంగతి చెప్పింది. లోపల అద్దాలు కదిలి దూరాన్ని దగ్గరికి తెచ్చేదే నిజమైన జూమ్, దాన్నే ఆప్టికల్ అంటారు. ఈ కెమెరాలో అది నాలుగు రెట్లే. మిగతాది డిజిటల్ జూమ్, అంటే బొమ్మలోంచి ముక్క కోసి సాగదీయడం. నాలుగును ఇరవైతో హెచ్చవేసి ఎనభై అని రాసుకున్నారు. కొనేముందు డిజిటల్‌ను ఆపించి, కొట్టు బయట దూరంగా ఉన్నదాన్ని తీయించి చూడాల్సింది అంది కొంగ.

తీతువు కోపంగా రివ్వున లేచింది. కొట్టుకు పోయి నిలదీస్తే నక్క నవ్వింది. వాడకం రాక నన్నంటావేంటి, నా సరుకు అద్దంలా చూపిస్తుందంది. అదే మాట తాబేలు తాత ముందు చెప్పమని తీతువు లాక్కొచ్చింది. గట్టు మీది బాతులూ నీటికోళ్లూ అన్నీ చేరాయి. వాటిలో సగం నక్క దగ్గర కెమెరాలు కొన్నవే. నక్క గుండె మీద చెయ్యేసుకుని అదే మాట మళ్లీ చెప్పింది.

తీతువు ఫోటో తెర మీద వేయించింది. "అయితే నా గుడ్ల దొంగ నువ్వే. ఇదిగో, అద్దంలా కనబడుతోంది నీ మొహం" అంది.

నక్క తెరకేసి చెయ్యి చూపించింది. "ఇందులో మొహమెక్కడుంది? ఉత్త మసక. కన్నతల్లి కూడా పోల్చుకోలేదు" అని అరిచింది.

"అందరూ విన్నారుగా" అంది తీతువు. "ఈ మాట కొనేరోజే చెప్పి ఉంటే నా మూడో గుడ్డు మిగిలేది కదరా."

దొంగనని ఒప్పుకోవాలి, లేదా మోసగాణ్ననైనా ఒప్పుకోవాలి. నక్క మోసాన్నే ఒప్పుకుంది. దానికి బదులు, పదికి పది రెట్లూ అద్దాలే తెచ్చే ఆ రెండో కెమెరా ఇచ్చింది. మర్నాడు దానితో ముంగిస మొహం, దాని మూతి ముందున్న నాలుగో గుడ్డు, రెండూ తేటగా పడ్డాయి. తీతువు అరుపుకు ముంగిస గుడ్డు వదిలి పారిపోయింది, సాయంత్రానికి గట్టు దాటింది. నక్క కొట్టు ముందు మాత్రం కెమెరాలు తిరిగిచ్చే బాతుల వరస ఇంకా తరగలేదు. పోయిన మూడు గుడ్లనూ ఏ జూమూ తిరిగి తేలేదు.

నీతి: డబ్బా మీద ఎన్ని రెట్లుందని కాదు, అందులో అద్దం తెచ్చేవి ఎన్నని అడుగు.