మారెక్క కంత

అనగనగా అంటే మొన్నటి మాట కాదు. మన ముత్తాతలు కూడా ఈ కథను ఎవరి ఒళ్ళోనో పడుకుని విన్నవాళ్ళే. అప్పటి మిద్దెలకు పైన పొగ పోయే కంత ఉండేది కాదు. మూరెడు మందం గోడలు, జానెడు మట్టి కప్పు, ఒక వాకిలి, ఒక చిన్న కిటికీ, అంతే. పొయ్యి వెలిగిస్తే పొగ దారి వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగేది. ఆడవాళ్ళు కళ్ళు నులుముకుంటూ వండేవారు, కళ్ళు నులుముకుంటూ వడ్డించేవారు. మగవాళ్ళకేం, అరుగు మీద కూర్చుని ఇంకా కాలేదా అని కేకలు వేసేవారు.

ఆ కాలంలో నల్లరాళ్ళపల్లెలో మారెక్క అని ఒకామె ఉండేది. ఊరి చివర ఒంటిగది మిద్దెలో ఒక్కతే ఉండేది. ఆమె పని పొయ్యిలు బాగుచేయడం.

ఒకింటి పొయ్యి పొగ చిమ్మేది. మారెక్క వచ్చి పొయ్యి మూతిలో చెయ్యి పెట్టేది, కళ్ళు మూసుకునేది. "పొయ్యి తప్పు గాదు తల్లీ, దానికి ఊపిరాడలే" అనేది. లోపల పేరుకున్న బూడిదంతా గీకి తీసేది.

ఇంకో ఇంటి పొయ్యి మండేదే కాదు. మారెక్క చెయ్యి పెట్టేది, కళ్ళు మూసుకునేది. "పొయ్యి తప్పు గాదు తల్లీ, దానికి ఊపిరాడలే" అనేది. కొత్త కుండ అడుగుభాగం వెడల్పై పొయ్యి నోటిని మొత్తం మూసేసి ఉండేది. పొయ్యి మీద కుండ ఆనే మూడు బొడిపెలకు తడిమట్టి పెట్టి ఎత్తు చేసేది.

మరో ఇంట్లో సంగటి ఒకపక్క మాడేది, ఒకపక్క పచ్చిగా ఉండేది. అక్కడా అంతే. చెయ్యి పెట్టేది, కళ్ళు మూసుకునేది, అదే మాట అనేది. పొయ్యిని పగలగొట్టి, వాకిటి గాలి సూటిగా కొట్టకుండా మూతి పక్కకు తిప్పి కట్టేది.

పని అయ్యాక పెరటి గుమ్మం దగ్గర ఇంత సంగటి పెట్టేవారు. తిని వెళ్ళిపోయేది. పొయ్యి చెడినప్పుడు అందరికీ మారెక్క కావాలి. శుభకార్యం వస్తే మాత్రం ఆమె ఎదురుపడకూడదు. ఎందుకంటారా? ఆమెకు ఒకే ఒక్క బిడ్డ పుట్టింది, పురిట్లోనే పోయింది. మొగుడు ఆ ఏడాదే ఎటో వెళ్ళిపోయాడు. ఆమె కన్ను పసిబిడ్డ మీద పడకూడదని ఊరు తీర్మానించేసింది. నోళ్ళున్నాయి కదా, ఎంత మాటైనా అంటాయి.

ఆ ఊళ్ళోనే నరసక్క అని ఒక పెద్ద రైతు ఇంటి ఇల్లాలు ఉండేది. చెడ్డదేమీ కాదు. భయం ఎక్కువ. ఆమెకు పుల్లన్న ఒక్కడే కొడుకు, ఈరమ్మ కోడలు. ఈరమ్మకు మొదటి కాన్పు ముసురులో అయింది. బాలింతకు చల్లగాలి తగిలితే సన్నిపాతం కమ్ముతుందని నరసక్క పురిటిగది తలుపు మూసి, లోపల బొగ్గుల కుంపటి పెట్టింది. తెల్లారేసరికి తల్లి తలపోటుతో, వాంతులతో లేచింది. బిడ్డ లేవలేదు.

చల్లగాలే తగిలిందన్నారు.

రెండో కాన్పూ ముసురులోనే. ఈసారి నరసక్క తలుపుకు గొంగళి వేలాడదీసింది, కిటికీలో గుడ్డలు కూరింది, పెద్ద కుంపటి పెట్టింది. తల్లి లేచింది. బిడ్డ లేవలేదు. ఏదో సందు మిగిలిపోయిందనీ, గాలి అందులోంచే దూరిందనీ నరసక్క గుండెలు బాదుకుంది.

మూడో కాన్పుకూ ముసురు విడవలేదు. నరసక్క వాకిలికి తడిక కట్టి, దానికీ కిటికీకీ పేడా మట్టీ కలిపి మెత్తింది. ఒక మనిషి ఒంగి దూరేంత దారి మాత్రం ఉంచి, దానికీ గొంగళి కట్టింది. మగబిడ్డ పుట్టాడు. తల్లినీ బిడ్డనూ వెచ్చగా పడుకోబెట్టి కుంపటి పెట్టింది.

కుంపటి ఆరిపోయింది. మళ్ళీ రాజేసి పెట్టింది. మళ్ళీ ఆరిపోయింది. మూడోసారీ అంతే. వేరే దారిలేక నరసక్క మారెక్కకు కబురు పెట్టింది.

మారెక్క వాన నీళ్ళు ఓడుతూ వచ్చింది. నరసక్క ఆమెను వసారాలోనే ఆపింది.

"లోపలికి రావద్దు మారెక్కా. కుంపటి ఈడికే తెస్తా. మాటిమాటికీ ఆరిపోతాంది, ఏమయిందో చూడు."

మారెక్క కుంపటిలో చెయ్యి పెట్టింది, కళ్ళు మూసుకుంది. పగులు లేదు. బూడిద లేదు. బొగ్గులు పొడిగానే ఉన్నాయి. వసారాలో రాజేస్తే కుంపటి ఎర్రగా వెలిగింది. నరసక్క లోపలికి తీసుకుపోయింది, కాసేపటికి మసకబారిన కుంపటితో బయటికి వచ్చింది. వసారాలో పెడితే మళ్ళీ వెలిగింది.

మారెక్క ముఖం పాలిపోయింది. ఆ వెలుగును అలాగే చూస్తూ నిలబడింది.

"కుంపటి తప్పు గాదు నరసక్కా, దానికి ఊపిరాడలే. తప్పు ఆ గదిది. నిప్పే బతకని గదిలో బిడ్డెట్ల బతుకుతాది?"

"ఏం మాటలే అవి? పురిటింట్లో అనే మాటలేనా?"

"కిటికీ మట్టి గీకెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటా."

"రెండుమార్లు గాలి దూరి ఇద్దరిని కొండబోయింది. ఇంగ దూరనీను."

అప్పుడు మారెక్క ఎవరికీ ఎన్నడూ చెప్పని మాట చెప్పింది. "నా బిడ్డా ఇట్లనే పోయినాది నరసక్కా. ముసురని ఆ పొద్దు తలుపు మూసింది నేనే. సందుల్లో గుడ్డలు కూరింది నేనే. తెల్లారి చూస్తే కుంపటీ సల్లగుండాది, బిడ్డా సల్లగుండాది. అప్పటినుంచీ కనపడిన పొయ్యిలో అంతా చెయ్యి పెట్టి చూస్తాండా, యాడ ఊపిరాడలేదో అని."

ఆ మాట విని గుండె కరగాలి. నరసక్కకు కరగలేదు, భయంతో గడ్డకట్టింది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి తన గుమ్మంలో నిలబడి చావు మాట ఎత్తిందనే ఆమెకు తోచింది. "పో మారెక్కా, పో. నీ నీడ పడనియ్యొద్దు" అని పంపేసి, కుంపటిని మళ్ళీ లోపల పెట్టింది. మారెక్క మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళింది.

పొద్దు వాలింది. వాన పెరిగింది. మారెక్క ఇంట్లో నిలవలేకపోయింది. గోనెసంచి కొప్పెర తల మీద వేసుకుంది, గడ్డపార తీసుకుంది, నరసక్క పెరట్లోకి వచ్చింది. నిచ్చెన ఆనించి ఉంది. ఎక్కింది. పురిటిగదిలో కుంపటి ఏ మూల పెడతారో ఆమెకు తెలుసు. సరిగ్గా ఆ మూలకు పైన, తడిసిన కప్పును తవ్వడం మొదలుపెట్టింది. ఒక పోటు, మట్టి లేచింది. ఇంకో పోటు, కట్టెపుల్లలు విరిగాయి. మూడో పోటుకు కంత పడింది. అరచెయ్యి పట్టేంత కంత. ఆమె వంగి అందులో చెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుంది. లోపలి నుంచి వేడిగాలి ఆమె చేతికి తగులుతూ పైకి వచ్చింది.

సరిగ్గా అప్పుడే పుల్లన్న పశువుల పాక నుంచి వస్తూ పైకి చూశాడు. మసక చీకట్లో కొప్పెర వేసుకున్న ఆకారం, చేతిలో గడ్డపార. మిద్దెకు కన్నం! దుడ్డుకర్ర అందుకుని చప్పుడు కాకుండా నిచ్చెన ఎక్కాడు. ఎవరని అడగలేదు. వెనకనుంచి ఒక్క దెబ్బ వేశాడు. ఆ మనిషి కప్పు అంచు మీదుగా జారి, కింద రోలు మీద పడింది.

ఇంకా కర్ర చేతిలో ఉండగానే, ఆ కంతలోంచి ఒక శబ్దం వచ్చింది. మొదట దగ్గు. తర్వాత మూలుగు. తర్వాత పసిబిడ్డ ఏడుపు.

పుల్లన్న వంగి చూశాడు. కింద మసకబారిన కుంపటి గాలి తగిలి మెల్లగా ఎర్రబడుతోంది. ఆ వెలుగులో ఈరమ్మ వాంతి చేసుకుంటూ లేవబోతోంది. పక్కన బిడ్డ కాళ్ళు తన్నుకుంటున్నాడు. మారెక్క అన్న మాటలు తల్లి చెప్పగా విన్నవాడే. అప్పుడు తెలిసింది అతనికి, ఆ కన్నం ఎవరు వేశారో, ఎందుకు వేశారో. అయ్యో అని అరుస్తూ నిచ్చెన దిగాడు.

మారెక్క రోలు పక్కన పడి ఉంది. ముఖం మీద వాన పడుతోంది. గోడలు మందం, వాకిలి మెత్తి ఉంది, పైన వాన హోరు. లోపలి ఏడుపు ఆమెకు ఎలా వినపడుతుంది?

"ఏడ్చినాడా నాయనా?" అని అడిగింది.

పుల్లన్న ఆగలేదు. ముందు పెళ్ళాం, ముందు బిడ్డ. మెత్తిన మట్టిని కాళ్ళతో తన్నుకుంటూ లోపలికి దూరాడు.

నరసక్క నీళ్ళచెంబుతో పరుగెత్తుకొచ్చింది.

"ఏడ్చినాడా నరసక్కా?"

నరసక్క ఆగలేదు. ముందు కోడలు, ముందు మనవడు.

మూడోసారి కూడా అడిగే ఉంటుంది. అప్పుడు పెరట్లో ఎవరూ లేరు.

తల్లినీ బిడ్డనూ వసారాలోకి తెచ్చి, ఇద్దరికీ ఊపిరి నిలకడగా ఆడుతోందని చూసుకున్నాక, అప్పుడు గుర్తొచ్చింది మారెక్క. దీపం పట్టుకుని వెళ్ళారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెయ్యి పైకి, మిద్దె వైపు చాచి ఉంది. వేళ్ళకు ఇంకా కప్పు మట్టి అంటుకుని ఉంది.

నరసక్క ఆ వానలోనే కూలబడింది. బిడ్డను తెమ్మంది. ఎవరి కన్ను పడకూడదన్నారో ఆమె పక్కనే బిడ్డను పెట్టింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. "ఏడ్చినాడు మారెక్కా, చూడు, ఏడ్చినాడు" అని నరసక్క ఆమె చెవిలో చెప్పింది. చెప్పి ఏం లాభం? ఒక్క మాట, నడుస్తూ నడుస్తూ చెప్పగలిగిన మాట. నరసక్క, పుల్లన్న, ఇద్దరిలో ఏ ఒక్కరూ చెప్పలేదు.

పుల్లన్న ఆ కంతను మూయలేదు. పక్కింటివాళ్ళు కూడా గడ్డపారలు తీశారు. తర్వాత కట్టిన ప్రతి మిద్దెకూ అరచెయ్యి పట్టేంత కంత వదిలారు. వాన పడితే దాని మీద పెంకు వాలుగా ఆనిస్తారు, పూర్తిగా మూయరు. పొయ్యి పొగ చిమ్మినా, మండకపోయినా, ఆడవాళ్ళు ఇప్పటికీ ముందు మూతిలో చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటారు. పొయ్యిని మాత్రం తిట్టరు.

ఇక ఆ పల్లెలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా, కుంపటి లోపలికి పోకముందే ఆ బిడ్డ తండ్రి మిద్దె ఎక్కుతాడు. కంత మీది పెంకు తీస్తాడు. పెరటి వైపు తిరిగి నిలబడి మూడుసార్లు అరుస్తాడు.

"ఏడ్చినాడు మారెక్కా! ఏడ్చినాడు! ఏడ్చినాడు!"

ఆడపిల్లయితే "ఏడ్చింది" అంటాడు. ఎవరూ పలకరు. అయినా కాసేపు అక్కడే నిలబడి, తర్వాత దిగుతాడు.

కథ ఇంతే. లేవండి, ఇళ్ళకు పోండి, మీ కంత తెరిచి ఉందో లేదో చూసుకోండి. మీలో ఎవరైనా ఒకరోజు మిద్దె ఎక్కి ఆ మాట చెప్పాల్సి వస్తే, సిగ్గుపడకుండా గట్టిగా అరవండి. వానలో ఆమెకు వినపడదు.