గవరమ్మ ఆకు

అనగా అనగా ఒక కొండ. కొండ కింద ఒక కాలేజీ. కాలేజీ వెనక ఒక భోజనాల సావిడి. ఎప్పటి సంగతని అడక్కండి, మా అమ్మమ్మ చెప్పేసరికే ఇది పాత కథ.

ఆ సావిడిలో మూడు బంతులు. వంటింటి పక్కన లోబంతి, మధ్యలో నడిమిబంతి, గుమ్మం దగ్గర కడబంతి. లోబంతిలో దివాణాల పిల్లలు, నడిమిబంతిలో ఉద్యోగస్థుల పిల్లలు, కడబంతిలో ధర్మభోజనం పిల్లలు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. అలవాటు, అంతే.

వడ్డన వంటింటి వైపు నుంచి మొదలయ్యేది. లోబంతికి అన్నం గుట్టలుగా పోసేవారు. నడిమిబంతికి సరిపడా వేసేవారు. కడబంతికి వచ్చేసరికి గరిటె గిన్నె అడుగున గీరుకునేది. పప్పు కాస్తా చారయ్యేది, చారు కాస్తా నీళ్లయ్యేది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఒకటే అంటారు కదా. అక్కడ వడ్డించే పెంటయ్య కడబంతికి ఏమీ కాడు. అలాగని చెడ్డవాడూ కాడు. గిన్నె బరువు ఎప్పుడు తగ్గుతుందా అని చూసే మనిషి, పాపం. అందుకే మొదట్లోనే గుమ్మరించేసేవాడు.

లోబంతి పిల్లలు సగం తిని, మిగతా సగం మీద ఆకు మడిచి లేచిపోయేవారు. ఆ ఆకులు ఎత్తే మనిషి గవరమ్మ. సన్నటి ఒళ్లు, నెమ్మది మాట. వెనకా ముందూ ఎవరూ లేరు. ఆకులు ఎత్తుతుంది, తట్టలో వేస్తుంది, పెరటి గోతిలో పారేస్తుంది. పారేసినప్పుడల్లా ఒకే మాట అంటుంది.

"గిన్నెలో ఉన్నంతసేపే అన్నం. ఆకులో ఇడిసేత్తే ఎంగిలి."

ఆ మాట కాకులు తప్ప ఎవరూ వినేవారు కాదు. కాకులకి మాత్రం ఆవిడంటే గౌరవం.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. బియ్యం బస్తాలు తగ్గిపోయాయి. వార్డెన్ కామేశంగారు మంచివారే కానీ భయస్థులు. ఆయన సావిడి మధ్య నిలబడి చెప్పారు.

"బియ్యం చాలడం లేదు. పున్నమి వెళ్లాక కడబంతి ఎత్తేస్తున్నాం. ధర్మభోజనం పిల్లలు ఇళ్లకి వెళ్లిపోండి."

అన్నం లేకపోతే చదువెక్కడిది? కొండ మీది ఊరి నుంచి నడిచొచ్చి చదువుకుంటున్న లచ్చన్న, ఆ పూటే బట్టలు మూట కట్టుకున్నాడు. నూతి దగ్గర గవరమ్మ చూసింది.

"మూటేటి బాబూ?"

"ఎల్లిపోతన్నాను పెద్దమ్మా. ఇక్కడ అన్నం లేదట."

"ఇంటికాడ ఉందేటి?"

"అక్కడా లేదు."

గవరమ్మకి కోపం వచ్చింది. ఆవిడకి కోపం వస్తే అరవదు, పని మానేస్తుంది.

"పున్నమి దాకా ఆగు బాబూ," అని తట్ట తీసుకుని సావిడిలోకి వెళ్లింది.

లోబంతి అప్పుడే లేస్తోంది. దివాణం పిల్లల్లో పెద్దవాడు జగన్నాథం ఆకు మడిచాడు. మడత కింద అన్నం ఎత్తుగా ఉంది. గవరమ్మ ఆ ఆకు ముందు నిలబడింది.

"ఆకులో అన్నం ఉంది బాబూ. తిను. అందాకా నానిక్కడే ఉంతాను."

"నాది అయిపోయింది. ఎత్తు."

"అన్నం ఉన్న ఆకెత్తితే, తింటన్నోడి ముందర ఆకు లాగేసినట్టే. ఆ పాపం నాను సెయ్యను."

వాళ్లు నవ్వుకుంటూ పోయారు. గవరమ్మ నడిమిబంతిలో తినేసిన ఆకులు ఎత్తింది. కడబంతి ఆకులు ఎత్తింది. అవి కడిగినట్టే ఉన్నాయి. లోబంతి ఆకుల్ని మాత్రం ముట్టుకోలేదు.

సాయంత్రం కామేశంగారు వచ్చారు. "ఆకులెత్తు గవరమ్మా," అన్నారు.

"తినేసినవి ఎత్తీసినాను బాబూ."

"ఎత్తకపోతే భోజనాలు ఎలా?"

"తినేసినవి ఎత్తీసినాను బాబూ."

"నీ పని పోతుంది, తెలుసా?"

"పోతే పోనీ బాబూ. ఆ పిల్లలూ పోతన్నారు కదా."

కామేశంగారు పెంటయ్య వైపు చూశారు. "ఎంగిలి ముట్టుకున్న చేత్తో వడ్డించమంటారా?" అన్నాడు పెంటయ్య. నీళ్లు తోడేవాడు ఆ సరికే నూతి దగ్గరికి జారుకున్నాడు. కామేశంగారు తన మడిపంచె చూసుకున్నారు. అంత పెద్ద కాలేజీలో ఆకు ఎత్తగలిగే చెయ్యి ఒక్కటీ లేకపోయింది.

ఎంగిలాకు ఉన్నచోట ఎవరూ కూర్చోరు. గంట కొట్టగానే ఆకలితో పరిగెత్తుకొచ్చేది కడబంతి పిల్లలు. "నడిమిబంతిలో కూకోండి," అంది గవరమ్మ. వాళ్లూ, ఉద్యోగస్థుల పిల్లలూ ఇరుక్కుని కూర్చున్నారు. తీరిగ్గా వచ్చే లోబంతికి ఇక మిగిలింది గుమ్మం.

పెంటయ్య చెయ్యి అలవాటుపడ్డ చెయ్యి. వంటింటి వైపు గుట్టలుగా పోశాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగు గీరాడు. జగన్నాథం ఆకులో ఇంత మెతుకు, దాని మీద వేడినీళ్లలాంటిదేదో పడింది.

"ఇదేం పప్పు?" అన్నాడు.

"మాకు రోజూ ఇదే," అన్నాడు ఎదుటి వరస నుంచి లచ్చన్న. అన్నం కలుపుతూ తన ఆకు చూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక అంత అన్నం వాడి ఆకులో పడలేదు. ఇందులో సగం ఇచ్చేద్దామా అని చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి ఆగిపోయింది. చెయ్యి పెట్టిన అన్నం ఎంగిలి. ఎంగిలి ఎలా ఇస్తాడు? జగన్నాథం ఆ చెయ్యి వైపే చూస్తూ కూర్చున్నాడు. గవరమ్మ రోజూ అనే మాటకి అర్థం అప్పుడు తెలిసింది ఇద్దరికీ.

మర్నాడు గంట కొట్టకముందే జగన్నాథం సావిడిలోకి వచ్చాడు. లోబంతిలో తన ఆకు దగ్గరికి వెళ్లాడు. చీమలు పట్టి ఉంది. వంగి, దాన్ని తన చేత్తో ఎత్తాడు. గవరమ్మ తట్ట పట్టింది. వాడి వెనక ఇంకొకడు వచ్చి ఎత్తాడు, వాడి వెనక ఇంకొకడు.

అప్పుడు జగన్నాథం పెంటయ్యతో అన్నాడు. "ఇవాళ గుమ్మం దగ్గర మొదలెట్టు. ముందు అందరికీ ఒక్కో గరిటె. చాలనివాళ్లకి మారు."

కామేశంగారు పున్నమి దాకా చూద్దామన్నారు. పున్నమి వచ్చింది. అందరూ తిన్నాక కూడా గిన్నెలో అన్నం ఉంది. ఎంగిలి కాని అన్నం, ఇంకొకరికి పెట్టదగ్గ అన్నం. కడబంతి ఎత్తేసే మాట మళ్లీ ఎవరూ అనలేదు. లచ్చన్న మూట విప్పుకున్నాడు.

ఆ తరవాత పిల్లలు గవరమ్మని బంతిలో కూర్చోమని అడిగారు. "ఆకులెవలెత్తుతారు బాబూ?" అంది. ఎవరి ఆకు వాళ్లే ఎత్తుకోవడం మొదలెట్టారు. మళ్లీ అడిగారు. "కూకోడం అలవాటు లేదు బాబూ," అంది. ఏళ్లు గడిచి, ఆవిడ నడుం వంగాక, అప్పటి పిల్లలు మూడోసారి అడిగారు.

"రేపు కూకుంతాను," అంది.

మర్నాడు గుమ్మం దగ్గర ఆకు వేసి, అన్నం వడ్డించి చూస్తూ కూర్చున్నారు. గవరమ్మ రాలేదు. తెల్లవారుజామునే పోయిందని కబురొచ్చింది. ఎన్నో ఏళ్లు ఆ సావిడిలో ఆకులెత్తి, ఒక్కపూట కూడా పిల్లల పక్కన కూర్చోకుండానే పోయింది. పెద్ద పిల్లలు కూడా ఏడ్చారు.

ఆ వడ్డించిన ఆకుని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అంతలో కట్టెలమోపుతో ఎవరో ఒకావిడ గుమ్మం ముందు నుంచి పోతోంది. చదువు ముగించి అక్కడే పంతులుగా ఉంటున్న లచ్చన్న లేచి వెళ్లి మోపు దించాడు. చెయ్యి కడుక్కోమని చెంబు ఇచ్చి, ఆ ఆకు ముందు కూర్చోబెట్టాడు.

ఇప్పుడక్కడ ఆకులు లేవు, స్టీలు కంచాలు. మూడు బంతులూ లేవు, బల్లలు. అయినా ప్రతి పూటా గుమ్మం దగ్గర మొదటి కంచం ఒకటి పెడతారు. దాన్ని గవరమ్మ ఆకనే అంటారు. అందులో వడ్డించాకే మిగతావాళ్లకి. ఆకలితో వచ్చినవాళ్లెవరైనా దాని ముందు కూర్చోవచ్చు. నువ్వెవరని అడగరు. మారు వెయ్యమంటావా అని మాత్రం అడుగుతారు.