బండ లాగిన మర్నాడు

వాగు ఒడ్డున నడివేసవిలోనూ ఎండని పచ్చిక ఉంది. దానికోసం ఆవులకూ గేదెలకూ ఏటా పేచీయే. విసిగిపోయి ఈసారి బండలాగుడు పోటీ పెట్టుకున్నాయి. ఎవరు బండను వాగుదాకా లాగితే పచ్చిక వాళ్ల మందది. ఓడినవాళ్ల దూడలు మేతకోసం కొండ దాటి నడవాలి. ఆవుల తరఫున కోడె, గేదెల తరఫున దున్నపోతు.

దున్నకు నక్క గురువుగా కుదిరింది. నక్కకు బండతో పనేమిటంటారా? గెలిస్తే ఒడ్డున పీతలు పట్టుకోనిస్తామని గేదెలు మాటిచ్చాయి. ఆవులైతే నక్క నీడ పడినా కొమ్ములు వంచుతాయి.

ఒకనాడు నక్క పొదచాటు నుంచి తొంగిచూస్తే కోడె నీడలో పడుకుని ఉంది. పక్కనే ముసలి ఎద్దు.

"తాతా, అక్కడ దున్న లాగుతూనే ఉందట. నేనిలా పడుకుంటే ఎలా? మన బుజ్జిదూడ కొండెక్కలేదు," అంటోంది కోడె బెంగగా.

"నిన్న లాగావు కదరా. మెడ సలుపు తగ్గిందా?"

"ఇంకా లేదు."

"మరి పడుకో. గబగబా మేసిన గడ్డి తీరిగ్గా నెమరేస్తేనే కదా ఒంటబట్టేది? బండైనా అంతే. ఇవాళ నెమరెయ్యి, రేపు లాగుదువు."

నక్క ఆగలేక బయటికొచ్చింది. "ఏం పెద్దాయనా, పడుకోబెట్టి పహిల్వాన్ని చేస్తున్నావా?"

"అవును బావా. ఒకరోజు లాగుడు, ఒకరోజు విశ్రాంతి. అదే మా రహస్యం. దున్నకు చెప్పకేం!"

నక్క దారంతా బుర్ర గోక్కుంది. అడిగీ అడగ్గానే రహస్యం చెప్పేస్తారా ఎవరైనా? ముసలోడు నన్నే బురిడీ కొట్టిస్తున్నాడు! చాటుగా రెండుపూటలా లాగిస్తున్నాడన్నమాట!

ఇంకేముంది, దున్నకు పొద్దున బండే, సాయంత్రం బండే.

"బావా, తొడలు వణుకుతున్నాయి. కాసేపు బురదలో పడుకుని నెమరేసుకుంటాను," అని బతిమాలింది దున్న.

"మింగింది మళ్లీ నోట్లోకి తెచ్చుకోవడమేమిటి, అసహ్యంగా! నేను ఒక్కసారే నమిలి మింగుతాను, నాకేం తక్కువైంది? లే!"

పాపం దున్న లేచింది. గురువుగారికి నెమరంటే ఏమిటో తెలియదని దానికి తట్టనే లేదు.

పోటీనాడు ముందు దున్నే మోకు మెడకు తగిలించుకుంది. బండ కాస్త జరిగింది. అంతే, దున్న మోకాళ్లు మడుచుకుని కూలబడింది. ఆ వెనక కోడె వంతు. ముందురోజంతా పడుకున్న ఒళ్లు కదా, బుసకొడుతూ లాగి బండను వాగులో పడేసింది. దూడలు తోకలెత్తి పచ్చికలోకి దూకాయి. కోడె కళ్లు చెమర్చాయి.

"మోసం!" అని అరిచింది నక్క. "ముసలోడా, చాటుగా ఎన్ని పూటలు లాగించావు?"

"నీకు నిజమే చెప్పాను కదా బావా."

"నువ్వు నిజం చెబుతావని నేనెలా అనుకుంటాను?"

"అనుకోవనే చెప్పాను."

ఆవులు కొమ్ములు వంచాయి. పీతల సంగతి మరిచి నక్క పరుగందుకుంది. దున్న మాత్రం కదల్లేదు. కూలబడ్డచోటే హాయిగా కళ్లు మూసుకుంది.

కండ పెరిగేది బండ లాగేటప్పుడు కాదు, లాగి పడుకున్నప్పుడు.