రాజుగారి ముఖం రంగు

రణకేసరి మహారాజు ఏళ్ల తరబడి తెర వెనక నుంచే ఏలుతున్నాడు. జనం తన ముఖం మరిచిపోతారని, తన నిలువెత్తు పటాన్ని అదే రంగుల్లో గుడ్డల మీద అద్ది ఊరూరా కట్టమన్నాడు. రంగు తేడా వస్తే చెయ్యి నరికిస్తానన్నాడు.

అద్దకం పనివాడు ఎర్రప్పకు దిక్కుతోచలేదు. పటంలో ముఖం ఎర్రగా మెరుస్తోంది. గుడ్డ మీద ఎరుపు ఎంత చిక్కగా వేసినా, ఏట్లో ఉతికి ఆరేసేసరికి ముఖం బూడిదరంగుకు తిరుగుతోంది. ఎండ తగలని మనిషికి అసలు ఆ ఎరుపెక్కడిది అనుకుని, పటంతో పాటు ఆ గుడ్డనే కొలువుకు పట్టుకెళ్లాడు.

"శవం ముఖంలా ఉందే," అన్నాడు మంత్రి నరహరి. "చెయ్యి చాపరా."

"చాపుతాను దొరా. పటమూ గుడ్డా రెండూ నకళ్లే. అసలు ముఖం ప్రభువులది. వారిని రెండింటి నడుమ ఎండలో కూర్చోబెట్టి, గుడ్డదే తప్పని తమరు చెప్పండి. అప్పుడు నరకండి."

తెర వెనక రాజుకు ఆ మాట నచ్చింది. తెర తీయించి, కిటికీ తెరిపించి కూర్చున్నాడు.

మూడు ముఖాల్లో రెండు ఒకే రంగులో ఉన్నాయి. శవమన్న మాట అప్పటికే మంత్రి నోరు దాటింది.

"చెప్పవేమయ్యా," అన్నాడు రాజు. తనే అద్దం తెప్పించుకుని చాలాసేపు చూసుకున్నాడు.

"నన్ను చూడకుండా ఈ రంగు ఎలా తెచ్చావురా?"

"నేను తేలేదు ప్రభూ. పటాన్ని చూసే అద్దాను. గుడ్డే తెచ్చుకుంది."

"నీ చెయ్యి నువ్వుంచుకో. గుడ్డ ఇక్కడ వదిలిపో."

అమావాస్య నాడు ఆ గుడ్డనే రాజు మీద నిండా కప్పారు. ముఖం తెరిచే ఉందనుకుని, పాడె మోసేవాళ్లు ఇంకో గుడ్డ తెమ్మన్నారు.