మచ్చ నాలుక చెప్పిన వాన

అనగనగా ఒక రాజ్యం. దానికి ఒక పక్క సముద్రం, మూడు పక్కలా రాజుగారి మాట. సముద్రమైనా రోజుకు రెండుసార్లు వెనక్కి తగ్గేది. రాజుగారి మాట తగ్గేది కాదు.

ఆ సముద్రం ఒడ్డున, ఏరు వచ్చి కలిసే చోట ఒక పల్లె. పల్లెలో ఎల్లారమ్మ. చేపలు ఎండబెట్టి బతికే మనిషి. ఇసుకలో పరిచిన చేప మీద నాలుగు చినుకులు పడితే పురుగే. అందుకని ఆమెకు ఒక కన్ను చేపల మీద, ఒక కన్ను ఆకాశం మీద. పొద్దున లేస్తూనే ఉప్పుకుండలో చెయ్యి పెట్టేది. ఉప్పు చెమ్మగిల్లితే వాన. పొయ్యి పొగ పైకి పోక నేలను పట్టుకుంటే వరద. పీతలు బొరియలు వదిలి మెట్టకెక్కితే ఇక చూసేదేమీ లేదు, పరుగే.

ఈ చదువు ఆమెకు అమ్మ చెప్పింది. అమ్మకు అమ్మమ్మ చెప్పింది. ఏ తాటాకు మీదా ఎవరూ రాయలేదు. ఆడవాళ్ళకు తాటాకులు అందేది పొయ్యిలో పెట్టడానికే.

ఎల్లారమ్మ నాలుక మీద పుట్టుకతోనే మిరియపు గింజంత నల్లమచ్చ ఉంది. మచ్చ నాలుక ఏదంటే అది జరిగి తీరుతుందని పల్లె నమ్మకం. ఆమె మొగుడు పోయిననాడు ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

"ఇవాళ వద్దయ్యా, గాలి తిరిగింది" అని ఆమె బతిమాలింది.

"ఆడదాని మాటకి వల మడిస్తే మూతి మీద మీసమెందుకే?" అని అతను పడవెక్కాడు.

మీసం తిరిగి రాలేదు. ఆమె వద్దన్న సంగతి ఎవరికీ గుర్తులేదు. ఆమె నాలుక మొగుణ్ణి మింగిందని మాత్రం అందరికీ గుర్తే. ఆమెకు మిగిలింది కూతురు కాసులు ఒక్కతే.

భాద్రపదం వచ్చింది. ఒకనాడు ఉప్పు చెమ్మగిల్లింది.

"అక్కల్లారా, ఎల్లుండికి వాన. చేపలు ఎత్తేసుకోండి" అంది ఎల్లారమ్మ.

"ఎండ మాడు పగలగొడుతుంటే వానంట!" పక్కింటి దాలమ్మ పకపకా నవ్వింది.

మూడోనాడు వాన పడింది. ఎల్లారమ్మ చేపలు అటక మీద ఉన్నాయి. దాలమ్మ చేపలు కుళ్ళాయి. దాలమ్మ ఆ గంప తెచ్చి ఎల్లారమ్మ గుమ్మంలో బోర్లించింది.

"నువ్వు అనకపోతే వచ్చేది కాదు గదే! పాడు నోరు!"

"నేను అన్నానని వచ్చిందా, వస్తుందని అన్నానా?"

"ఆ తేడాలు నాకు తెలీవు. నువ్వన్నావు, నా చేపలు కుళ్ళాయి. అంతే."

పది రోజులకు పొగ నేలను పట్టుకుంది. ఎల్లారమ్మ ఈసారి ఊరిపెద్ద దగ్గరికే వెళ్ళింది.

"పెద్దయ్యా, రేపటికి ఏరు పొంగుతుంది. మీ కొత్త పడవ గట్టు మీదికి లాగించండి."

"నా పడవ మీద నోరు పెట్టకే తల్లీ!" అంటూ ఆయన రెండు చెవులూ మూసుకున్నాడు. ఆ చేతులతోనే తాడు పట్టి లాగి ఉంటే పడవ దక్కేది. ఏరు పొంగింది, పడవ సముద్రంలో కలిసింది. ఆ సాయంత్రమే పంచాయతీ కూర్చుని, ఎల్లారమ్మ ఇక మీద ఆకాశం మాట ఎత్తరాదని తీర్పు చెప్పింది.

"నీకెందుకే అమ్మా ఊళ్ళోవాళ్ళ వానలు?" అంది కాసులు. "మన చేపలు మనం ఎత్తుకుందాం, నోరు మూసుకుందాం."

"మూసుకుంటే అన్నం ఎలా తింటానే, అమ్మీ?" అని తల్లి నవ్వింది. ఆమె నవ్వడం అదే ఆఖరు.

ఆశ్వయుజం వచ్చింది. ఏటికీ సముద్రానికీ మధ్యనున్న ఇసుకదిబ్బ మీద దసరా కొలువు తీర్చాలని రాజుగారికి ముచ్చట పుట్టింది. రాబోయే పది రోజులూ ఆకాశం ఎలా ఉంటుందని ఆస్థాన జ్యోతిష్కుణ్ణి అడిగాడు. జ్యోతిష్కుడు తాటాకులు తిప్పి, ఓరకంట రాజుగారి ముఖం చదివాడు.

"చినుకు కూడా రాలదు ప్రభూ!"

దిబ్బను అలికి ముగ్గులు పెట్టడానికి నలభై మంది ఆడపిల్లలను పంపారు. అందులో కాసులు ఉంది. పని ఎగ్గొట్టి ఇళ్ళకు వచ్చేస్తారని పడవలను ఇవతలి గట్టున గొలుసులతో కట్టేశారు.

రెండోనాటి పొద్దున ఉప్పుకుండలో నీళ్ళు ఊరాయి. పొగ గడప దాటలేదు. పీతలు ఇంట్లోకే వచ్చాయి. ఆ మూడూ కలిసి రావడం ఎల్లారమ్మ జన్మలో ఒక్కసారే చూసింది, మొగుడు పోయిననాడు. ఆమె కోటకు పరుగెత్తింది.

"మారాజా! దీపాల వేళకల్లా గాలివాన. దిబ్బ మిగలదు. పిల్లల్ని పిలిపించండి!"

రాజు వణికాడు. గాలివానకు కాదు, ఆమె నాలుకకు.

"అనేసింది ప్రభూ, అనేసింది!" జ్యోతిష్కుడు పైకి లేచాడు. "ఇక మందు ఒకటే. ఆ నోటితోనే రాదనిపించాలి."

"విన్నావుగా?" అన్నాడు రాజు. "గాలివాన రాదు అను. పట్టుచీర పెట్టి పంపుతాను."

"అంటాను మారాజా. ముందు పిల్లల్ని తెప్పించండి."

"రాని వానకు పిల్లల్ని తెప్పించడం దేనికి?"

ఎల్లారమ్మ ఆలోచించింది. రాదంటే తను పట్టుచీరతో ఇంటికి పోతుంది. మచ్చ నాలుకే రాదందని ఊరూరా దండోరా వేస్తారు. అప్పుడు దిబ్బ వైపు తలెత్తి చూసేవాడు కూడా ఉండడు.

"వస్తుంది" అంది.

"అయితే అన్న నాలుకకు వాత పెడితే వాన ఆగుతుందని శాస్త్రం ప్రభూ" అన్నాడు జ్యోతిష్కుడు. పసుపు కొమ్ము కాల్చారు. పసిపిల్లలకు దోషం పోవాలని పెట్టే వాతే. సరిగ్గా మచ్చ మీదే పెట్టారు. పట్టుకున్నది నలుగురు మగవాళ్ళు. పెట్టమన్నది శాస్త్రమట.

మధ్యాహ్నానికి ఆమె ఏటి గట్టు చేరింది. పోటు ఇంకా ఎక్కలేదు, ఏరు నడుము లోతే ఉంది. దిగబోతే పడవల దగ్గరున్న కాపలావాళ్ళు ఈటెలు అడ్డం పెట్టారు. కేక వేయబోతే గొంతులోంచి గరగర తప్ప ఏమీ రాలేదు. అవతల తెల్లటి ముగ్గుల మధ్య పిల్లలు రంగు రంగుల చీరలతో తిరుగుతున్నారు. ఎల్లారమ్మ పైట చెంగు ఎత్తి ఊపింది. రండి, నడిచి వచ్చేయండి అని ఊపింది.

కాసులు తల్లిని గుర్తుపట్టింది. అమ్మ ముగ్గు చూడ్డానికి వచ్చిందనుకుంది. నవ్వుతూ తన చెంగు ఎత్తి ఊపింది. పక్క పిల్లలూ ఊపారు. నలభై చెంగులు కాసేపు గాలిలో ఎగిరాయి. తరవాత అందరూ వంగి ముగ్గుల్లో పడిపోయారు.

దీపాల వేళకు గాలి వచ్చింది. తెల్లారేసరికి దిబ్బ లేదు.

"వాత పెట్టాం కదా, ఎందుకు వచ్చింది?" అని రాజు అడిగాడు.

"ఆలస్యమైంది ప్రభూ. మాట పూర్తి కాకముందే పెట్టవలసింది" అన్నాడు జ్యోతిష్కుడు.

సభ తల ఊపింది. జ్యోతిష్కుడికి శాలువా కప్పారు. ఇక మీద ఏ ఆడది ఆకాశం మాట ఎత్తినా ముందే వాత పెట్టాలని శాసనం వేశారు.

ఏడాది తిరిగింది. మళ్ళీ భాద్రపదం. దాలమ్మ ఉప్పుకుండలో చెయ్యి పెట్టింది. ఎల్లారమ్మను చూసి చూసి ఆమెకూ ఆ చదువు అబ్బింది. వేళ్ళు తడిశాయి. పొయ్యి చూసింది, పొగ నేల మీదే ఉంది. గుమ్మంలో మొగుడు వల భుజాన వేసుకుంటున్నాడు. దాలమ్మ నోరు తెరిచింది. అంతలో ఏటి గట్టున చెంగు చేత పట్టుకుని కూర్చున్న ఎల్లారమ్మ కనిపించింది.

దాలమ్మ నోరు మూసుకుంది. కుండ మీద మూత పెట్టింది.

కనుక పిల్లలూ, వాన వస్తుందన్న నాలుకను కాలిస్తే వాన ఆగదు. వస్తుందని చెప్పేవాళ్ళు ఆగిపోతారు.