తలపాగా చుట్టుకున్న గుమ్మడికాయ

ఒకానొక రాజ్యంలో ఒక వింత ఆచారం ఉండేది. రాజు రథమెక్కి ఊరేగేటప్పుడు దేన్నీ పట్టుకోకూడదు. రెండు చేతులూ ఎత్తి ప్రజలను దీవిస్తూ నిటారుగా నిలబడాలి. ఆసరా కోసం చెయ్యి చాపడం రాజుకు నామర్దా అని అప్పటి రాజైన రణధవళ మహారాజు తాతగారు పెట్టిన కట్టుబాటు అది.

ఆ ఏడు ఊరేగింపులో, బజారు మలుపు దగ్గర ఒక గేదె అడ్డొచ్చింది. సారథి కాచయ్య పగ్గాలు బిగబట్టాడు. రథం ఆగింది. మహారాజు ఆగలేదు. దీవిస్తున్న చేతులు దీవిస్తున్నట్టే ఉండగా కాచయ్య భుజం మీదుగా వెళ్ళి మట్టిలో బోర్లా పడ్డాడు. కిరీటం దొర్లుకుంటూ పోయి గేదె కాళ్ళ దగ్గర ఆగింది.

ఎవరూ నవ్వలేదు. అందరూ ఒక్కసారే దగ్గారు.

ఆ దగ్గు రాజు చెవుల్లోంచి పోలేదు. మందిరంలో అద్దాలకు గుడ్డలు కప్పించాడు. తప్పు తమది కాదు ప్రభూ అని ఎవరైనా అంటారేమోనని చూశాడు. ఎవరూ అనకపోయేసరికి సభలో తనే అన్నాడు.

"సారథి మమ్మల్ని తోసేశాడు. రేపు పొద్దుటికల్లా పెళ్ళాంబిడ్డలతో పొలిమేర దాటాలి."

తలలన్నీ ఊగాయి. ఆస్థాన విదూషకుడు తిప్పంభట్టు తల మాత్రం ఊగలేదు.

"ప్రభూ, కాచయ్య తమరికి ముందు కూర్చున్నాడు. వెనకున్నవారిని ముందుకెలా తోశాడు?"

"ఎలాగో తోశాడు. ఎవరూ తొయ్యకుండా మేం పడతామా?"

"పడరు. అందుకే ఆ తోసేదేదో ఇంకా రథంలోనే నక్కి ఉందని నా అనుమానం. పట్టుకుందాం. కానీ రథం తమరే తోలాలి. ఇంకొకరిని నమ్మలేం."

రాజుకు ప్రాణం లేచివచ్చింది.

సాయంత్రం కోట వెనక మైదానంలో రథం సిద్ధమైంది. రాజు నిలబడే చోట తిప్పంభట్టు ఒక పెద్ద గుమ్మడికాయ పెట్టి, దానికి తలపాగా చుట్టాడు. తాను రథమెక్కి, పక్కనున్న రథస్తంభాన్ని రెండు చేతులా కౌగిలించుకున్నాడు.

"అదేమిటయ్యా?"

"తమరి చోట ఎవరో ఒకరు ఉండాలి కదా. తోలండి."

గుర్రాలు పరుగందుకున్నాయి. "ఆపండి" అన్నాడు తిప్పంభట్టు. రాజు పగ్గాలు బిగబట్టాడు. మరుక్షణం వీపు మీద దబ్బున దెబ్బ పడింది.

"ఎవడు తోసింది?"

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను. నా చేతులు స్తంభానికున్నాయి. పగ్గాలు తమరి చేతుల్లో ఉన్నాయి."

రాజు వెనక్కి తిరిగి చూస్తే, తలపాగా ఊడిన గుమ్మడికాయ తన వీపు వెనకే పడి ఉంది.

"రథం పరిగెత్తినంతసేపూ అందులో ఉన్నవన్నీ దాంతోపాటే పరిగెత్తాయి ప్రభూ. పగ్గాలు గుర్రాలను ఆపాయి. గుర్రాలు రథాన్ని ఆపాయి. గుమ్మడికాయను ఆపిన వాళ్ళెవరూ లేరు. తమరి వీపు అడ్డొచ్చేదాకా దాని పరుగు అది పరిగెత్తింది."

"మరి నన్ను..."

"నేల ఆపింది."

రాజు తల దించుకున్నాడు. పడ్డందుకు కాదు. గేదెను తొక్కించకుండా రథం ఆపినవాడి ఇంట్లో ఈపాటికి గిన్నెలు మూటకడుతూ ఉంటారు. తన సిగ్గు కప్పుకోవడానికి వాళ్ళ ఇల్లు కూల్చాడు.

రథాన్ని నేరుగా కాచయ్య గుమ్మానికే తోలాడు.

"మూటలు విప్పు కాచయ్యా. తప్పు నాది. రథం ఎప్పటికీ నువ్వే తోలాలి."

కాచయ్యకు ఎటు చూడాలో తెలియలేదు. "అలాగే మహాప్రభూ. తమరు మాత్రం ఏదో ఒకటి పట్టుకోండి."

వెనకనుంచి తిప్పంభట్టు దగ్గాడు.

ఆ దగ్గు వినగానే రాజుకు నవ్వాగలేదు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, చేతి కడియం తీసి తిప్పంభట్టుకు తొడిగాడు.

"గుమ్మడికాయ కూడా ఇప్పించండి ప్రభూ," అన్నాడు తిప్పంభట్టు. "మా ఆవిడ పులుసుకని దాచుకుంది. చెప్పకుండా తెచ్చాను."