గవరమ్మ తెలకపిండి

కొండలు ఇంకా ఎదుగుతూనే ఉన్న కాలంలో, ఒక మెట్ట ఊళ్ళో గవరమ్మ అనే గానుగ మనిషి ఉండేదట. నువ్వులు ఆడి నూనె తీసేది. మొగుడు పోయాడు. చంటిబిడ్డా పోయింది. ఇక మిగిలింది ఒక ఎద్దు, ఒక ఆవు.

ఆమె నూనె ఊరందరికీ కావాలి. ఆమె ముఖం మాత్రం ఎవరికీ వద్దు. గానుగ మనిషి, పైగా మొగుడు పోయినది, ఎదురైతే అశుభమట. ఆమె వీధిలోకి వస్తే తలుపులు మూతపడేవి. నూనె కుండ గుమ్మంలో పెట్టి తిరిగొచ్చేది. ఏం చెప్పుకున్నా ఎద్దుతోనే.

పక్కింటి కోడలు పైడితల్లికి ఆడపిల్ల పుట్టింది. బాలింతకు చమురు తగిలితే బిడ్డకు పడదని అత్తగారు సూరమ్మ నూకల జావ, ఉప్పు తప్ప ఏమీ పెట్టలేదు. మూడు వారాలకు బిడ్డ ఏడుపు పీలగా అయిపోయింది. గోడ అవతల గవరమ్మకు ఆ ఏడుపు తెలుసు. తన బిడ్డా అలాగే ఏడ్చింది. తనూ ఆ జావే తాగింది.

నూనె తీశాక గానుగలో మిగిలిన నువ్వుల పిండిని, అదే తెలకపిండిని, వెల్లుల్లి వేసి కూర వండింది. ఆకులో పెట్టి పట్టుకెళ్ళింది.

"పొద్దున్నే నీ ముఖమేమిటే!" అని సూరమ్మ తలుపు వేసేసింది.

రెండోనాడూ వెళ్ళింది. తలుపే తియ్యలేదు.

మూడోనాడు పెరటి గుమ్మంలో ఆకు పెట్టి, తలుపు తట్టి, గోడ చాటుకు తప్పుకుంది. పైడితల్లి వచ్చింది. అటూ ఇటూ చూసింది. నిలబడే తినేసింది.

ఇక రోజూ అంతే. ఆకు పెట్టేది, తలుపు తట్టేది, చాటుకు తప్పుకునేది. బిడ్డ బుగ్గలు నిండాయి. అమ్మవారి చలవ అంది ఊరు. గవరమ్మ ఎద్దు మెడ నిమిరి, "అలాగే అనుకోనీరా" అంది.

ఒక వేకువన పైడితల్లి తలుపు వెనకే కాపు కాసి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వా అత్తా! ఎందుకిదంతా?"

"తెలకపిండి పెడితే నా ఆవు వెన్న మెత్తగా వస్తుందమ్మా. ఎండుగడ్డి మేస్తే గట్టిపడుతుంది. మేతను బట్టే పాలల్లో వెన్న. మనమూ అంతే కదా. నాకే ఆలస్యంగా తెలిసింది."

లోపలికి రా అత్తా, అనబోయింది పైడితల్లి. లోపల సూరమ్మ దగ్గింది. పైడితల్లి మాట ఆపి వెనక్కి తిరిగి చూసింది. గవరమ్మ అది చూసింది. చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"తిను తల్లీ, చల్లారిపోతుంది."

నాలుగు నెలలు దాటాక బిడ్డ బోర్లా పడింది. ఇంట్లో బొబ్బట్లు చేశారు. ఆ పొద్దున మాత్రం తలుపు చప్పుడు కాలేదు. గానుగ చప్పుడూ లేదు. పైడితల్లి ఒక బొబ్బట్టు ఆకులో చుట్టుకుని, బిడ్డను చంకనేసుకుని, అత్తగారు వెనక నుంచి పిలుస్తున్నా ఆగకుండా వెళ్ళింది.

గవరమ్మ గానుగ పక్కన ఒత్తిగిలి పడుకుని ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. ఎద్దు మేత కోసం అరుస్తోంది.

"లోపలికి రా అత్తా" అంది పైడితల్లి. ఒకసారి కాదు, మూడుసార్లు అంది. వెనకే వచ్చిన సూరమ్మ గుమ్మంలో తల దించుకుని నిలబడిపోయింది.

అందుకే ఆ మెట్ట ఊళ్ళల్లో ఇప్పటికీ బాలింతకు తెలకపిండి కూర వడ్డించే ముందు వీధి తలుపు బార్లా తీస్తారు. బాలింత వాకిట్లోకి చూసి, "గవరమ్మత్తా, లోపలికి రా" అని మూడుసార్లు పిలుస్తుంది. ఎవరూ రారు. అయినా కాసేపు ఆగుతుంది. ఆ తర్వాతే మొదటి ముద్ద.